ఎవరి గొప్ప యెవరి నోట



మహాభారతము కర్ణపర్వమునందు ఒక విచిత్రమైన ఘట్టము కలదు. కర్ణుని శరములకు నొచ్చి శిబిరమునకు మరలిన ధర్మరాజు, అర్జునుడు వచ్చుట చూచి, కర్ణుని గూల్చియే వచ్చెనని పొంగి, లేదని తెలిసినంతనే పట్టరాని కోపమున ఆ గాండీవమును మరియొకని చేతికిమ్మని తూలనాడెను. గాండీవమును విడువుమన్నవానిని వధింతునని అర్జునునకు పూర్వమే యొక వ్రతము. అన్నపై కత్తి దూసిన ఆ వీరుని ఆపి, పెద్దవానిని పరుషముగా ఏకవచనమున నిందించుటయే వానిని చంపుటయని కృష్ణుడు ఉపాయము చెప్పెను. అర్జునుడు అట్లే వ్రతము చెల్లించుకొని, మరుక్షణమే పశ్చాత్తాపము పొంది, ఆ కత్తితోనే తన ప్రాణము తీసికొనబోగా, కృష్ణుడు రెండవమారు అడ్డుపడి, నీ గొప్పలను నీ నోటనే చెప్పుకొనుము, ఆత్మవధ యనగా నదియే, యనెను. సవ్యసాచి తన విలువిద్యను తానే వర్ణించుకొని, ఆ విధముగా మరణించి బ్రదికెను.

ఆత్మస్తుతి మరణతుల్యమని చెప్పిన ఆ తీర్పులో ఇది స్త్రీలకు, ఇది పురుషులకు అను విభాగము లేదు. కాని యే నియమమైనను పుస్తకములో నుండునప్పుడు అందరిదిగా నుండి, వీధిలోనికి వచ్చునప్పటికి కొందరిదియే యగుట లోకమున క్రొత్త కాదు. మగవాడు తన్ను తాను పొగడుకొనును, ఆడుది పొగడుకొనదు, అది వారి వారి స్వభావము అని మన పెద్దలును, ఇప్పటి మనస్తత్త్వ శాస్త్రజ్ఞులలో కొందరును తేలికగా చెప్పుదురు. నాకట్లు తోచదు. మగవానికి తన్ను తాను పొగడుకొనవలసిన శ్రమను లోకము చాలవరకు తప్పించినది. అతని ఘనకార్యములను చెప్పుటకు రాయి కలదు, బిరుదు కలదు, భట్టు కలడు, నేటి దినములలో రంగుల ఫ్లెక్సీ కలదు. అట్టి పరుల నోరు ఆడుదానికి దొరకలేదు. దొరకని దానిని తన నోటితో పూరించుకొనబోయిన నాడు, కర్ణపర్వములోని ఆ నియమము ఒక్కసారిగా అందరికిని జ్ఞాపకము వచ్చును.

మన హోసూరు, కృష్ణగిరి ప్రాంతమునే చూడుడు. చెరువుకట్టల మీద, పొలముగట్ల ప్రక్కన, ఊరి పొలిమేరలలో మోకాలెత్తున, నిలువెత్తున పాతిన శిలలు ఇచ్చట విస్తారముగా కలవు. తెలుగున వీరగల్లులందుము, అరవమున నడుకల్ అందురు, కొన్ని గ్రామములలో అవి వేడియప్పన్ అను పేర దైవములై పసుపు కుంకుమలు అందుకొనుచున్నవి. ప్రాచీనమైన వాటిపై వట్టెళుత్తు లిపిలో శాసనములుండును: ఏ రాజు ఏలుబడిలో ఎన్నవ యేట, ఏ నాయకుని సేవకుడైన ఎవడు, ఎవరు తరలించుకొని పోవుచున్న ఆలమందలను మరలించి, ఎట్లు పడెను అని. తరువాతి శిలలలో శిల్పము అంతస్తులుగా నుండును. క్రింద వీరుడు కత్తియో విల్లో పట్టి పోరాడుచుండును. నడుమ అతనిని అప్సరసలు చెరియొక ప్రక్క పట్టుకొని ఆకాశమునకు కొనిపోవుచుందురు. పైన అతడు శివలింగ సన్నిధిని కూర్చుండియుండును. ఆ వీరుడు ఒక్క మాటయైనను తనను గూర్చి చెప్పుకొనలేదు. చెప్పుకొన నవసరము లేదు. అతడు పడినచోటనే ఊరంతయు అతని తరపున మాటలాడినది; ఇన్ని వందల యేండ్లకును ఆ మాట ఆగలేదు.

ఆ శిలలపైన స్త్రీలెక్కడనున్నారని వెదకితిమేని రెండు తావులలో కనబడుదురు. ఒకటి నడుమ అంతస్తున, వీరుని మోసికొనిపోవు అప్సరసలుగా. రెండవది సతీశిలలపైన. అచ్చట చాలచోట్ల మనిషి యుండదు, ముఖముండదు. మోచేతికడ వంగి పైకెత్తిన చేయి యొకటి, దానికి గాజులు, ఒక్కొక్కచో వ్రేళ్ల నడుమ నిమ్మపండు. పేరుండుట అరుదు. మగనితో చితియెక్కుట తప్ప వేరొక కార్యమును ఆమె పేర రాతిపై చెక్కవలయునని ఆ యూరికి తోచలేదు. వర్షములు లేని యేట ఆమె యింటిని ఎట్లు గడపెనో, పశువులను ఎట్లు కాచెనో చెప్పు రాయిని ఎచ్చటను ఎవ్వరును పాతలేదు.

వీరగల్లుల కాలము పోయినది. అవి నిలుచున్న యా పొలములలోనే ఇప్పుడు మల్బరీ పెరుగుచున్నది. కృష్ణగిరి జిల్లా పట్టుపరిశ్రమకు పేరుపొందిన సీమ. హోసూరులో పట్టుగూళ్ల అంగడి కలదు. ఈ పని ఎట్లు నడచునో ఎరుగని శ్రోతలకై కొంచెము వివరించెదను. గ్రుడ్డు నుండి వెలువడిన పురుగు నాలుగు మారులు కుబుసము విడుచును. మన రైతులు దానిని జ్వరమందురు: మొదటి జ్వరము, రెండవ జ్వరము అని లెక్క. నాలుగవ జ్వరము దాటినదో, ఇక దాని యాకలికి మేర యుండదు. జీవితమంతయు తినిన ఆకులో అయిదింట నాలుగు పాళ్లకు పైగా ఆ తుది వారమునందే తినును. ఆ వారములో ఇంటి ఇల్లాలికి నిద్ర యుండదు. తెల్లవారక మునుపే ఆకు కోయవలెను, తడి లేకుండ చూడవలెను, తట్టలలోని పెంటను తీయవలెను, సున్నము చల్లవలెను, నడిరేయి లేచి మరల మేత వేయవలెను. పాలురోగము తగిలిన పురుగును కంటితో చూచి వేరుచేయుట యొక విద్య. ఒక్కటి మిగిలినను తట్ట యంతయు పోవును. పండిన పురుగు పసుపువన్నె తిరిగి తల యెత్తునప్పుడు ఏరి చంద్రికలపై వేయుట మరియొక విద్య. ఒక పూట ముందైనను, ఒక పూట వెనుకైనను గూడు చెడును. ఈ విద్యలలో ఆరితేరినవారు మా ప్రాంతమున చాలవరకు ఆడువారే.

గూళ్లను మూటకట్టి మోటారుసైకిలుపైన హోసూరు అంగడికి కొనిపోవువాడు మగవాడు. కెలమంగలము వైపు ఒక తెలుగువారి ఇంటిలో, అట్లు అమ్మకము ముగిసిన సాయంకాలమున నేనుండుట తటస్థించినది. ఇంటాయన చేతులు త్రిప్పుచు, "ఈ తూరి మాలు చూసినోళ్లంతా నోరు తెరిచిరి సామీ, ఎవుడెంత పాడినా నేను దిగలా, నాకు కావల్సిన రేటుకే అమ్మితిని" అనెను. ఆయన ఇల్లాలిని అడిగితిని. పొయ్యివైపు తిరిగి, "ఏమోన్నా, ఈ తూరి పురుగు బాగా పండె" అని ఊరకున్నది. అంగడిలో గడచిన రెండు గంటలు ఆయన మాటలో ఒక యుద్ధకాండ. పురుగులగదిలో గడచిన ఇన్ని దినములు ఆమె మాటలో ఆమె లేకుండనే జరిగిపోయినవి. పురుగు తనంత తాను పండినది. ఆయన అబద్ధమాడలేదు. ఆమెయు వినయము నటింపలేదు. ఒక్కొక్కరికి చిన్ననాట నేర్పబడిన కథనరీతి అది.

హోసూరు పట్టణమునకు రండు. బాగలూరు వీధి మొదలుకొని బస్సు నిలయము దాక స్తంభములకు, గోడలకు కట్టిన ఫ్లెక్సీలలో మీసములు, నల్లకండ్లద్దములు, తెల్లచొక్కాలు. పుట్టినదినమునకొకటి, పదవి దొరికినందుకొకటి, పదవి దొరకగలదను ఆశకొకటి. ఎవడును తన ఫ్లెక్సీని తానే పెట్టించుకొన్నట్లు వ్రాసికొనడు. క్రింద పది పదునైదుగురు మిత్రుల ముఖములు వరుసగా నుండును, పొగడినవారు వారు. కర్ణపర్వ నియమమునకు ఇందు భంగము లేదు, చూచితిరా! ఈ నోరు ఆడుపిల్లకును ఒకమారు దొరకును. ఆమె పెద్దమనిషి యైన వేడుకకు, పసుపునీటి పండుగకు, మేనమామలు ఆమె బొమ్మను నిలువెత్తున ముద్రించి వీధిమొగమున కట్టుదురు. ఆమె ప్రయత్నమేమియు లేక దేహము చేసిన పని యది. అదే పిల్ల పన్నెండవ తరగతిలో జిల్లాకు మొదటిదిగా వచ్చినచో పాఠశాలవారు ఫ్లెక్సీ కట్టుదురేమో కాని మేనమామలు కట్టరు.

ఇచ్చట ఒక న్యాయమైన ఆక్షేపణ రావచ్చును. మా తల్లులు, మా అత్తలు గొప్పలు చెప్పుకొనరా యని. చెప్పుకొందురు, నిక్షేపముగా చెప్పుకొందురు! కొడుకునకు అమెరికాలో ఉద్యోగము వచ్చినప్పుడు, కూతునకు వైద్యకళాశాలలో స్థానము దొరకినప్పుడు, ఒక తల్లి నోటికి ఏ రాజకీయనాయకుని మైకును సాటిరాదు. ఆ మార్గము ఆమెకు శాస్త్రసమ్మతము. పుట్టించిన గొప్ప తనదైనను పేరు వేరొకరిది కావలెను, అంతియే షరతు.

సాహిత్యమునందును ఈ షరతు నడచినది. మొల్ల తనకు శాస్త్రములు రావనియు, శ్రీకంఠ మల్లేశుని వరముననే కవిత్వము చెప్పుచున్నాననియు విన్నవించుకొన్నది. ఆమెను అందరును ఆదరించిరి. తంజావూరి ప్రతాపసింహుని కాలమున రాధికాసాంత్వనము వ్రాసిన ముద్దుపళని ఆ విధముగా విన్నవించుకొనలేదు. తన వంశమును, తన రూపమును, పండితులకు తానిచ్చిన సన్మానములను, తనకు కృతులంకితము చేసిన కవులను, ఇన్నిటిని పీఠికలో తలయెత్తి చెప్పుకొని, తనవంటి స్త్రీ మరియొకతె ఎవరని ప్రశ్నించినంత పని చేసినది. మగకవులకు ఇది పరిపాటియే. గండపెండేరములు, కనకాభిషేకములు మన ప్రబంధయుగ సాహిత్యచరిత్రలో సగము. తరువాత ఏమైనది? కందుకూరి వీరేశలింగము పంతులుగారు కవుల చరిత్రలో ఆమెను తీవ్రముగా నిందించిరి. స్త్రీవిద్యకై అంత పాటుపడిన ఆ మహాశయునకు ఆమె శృంగారము సహింపరానిదైనది. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో వావిళ్లవారి ద్వారా ఆ కావ్యమును మరల అచ్చువేయింపబూని చూచునప్పటికి, అంతకు ముందటి అచ్చుప్రతిలో ఆ స్వవిషయకమైన పీఠికయే లేదు. పద్యములును కొన్ని పోయినవి. శృంగారమును కత్తిరించువాడు శృంగారమునకు వెరచెననుకొందము; ఒక స్త్రీ తన వంశమును, తన సన్మానమును చెప్పుకొన్న పద్యములకు వెరపేల? మరుసటి యేట ప్రభుత్వము పుస్తకమునే నిషేధించినది. ఆ నిషేధము 1947లో టంగుటూరి ప్రకాశము పంతులుగారి ప్రభుత్వము తొలగించుదాక నిలిచినది. ఈ నాగరత్నమ్మ, ముద్దుపళనికి సుమారు నూటయేబది యేండ్లుగా దొరకని పరుల నోరు తానై నిలిచినదని నేననుకొందును.

ఆధునిక కాలమున నాకు ఎప్పుడును ఆలోచన గొలుపు దృష్టాంతము మరియొకటి కలదు. చింతామన్ ద్వారకానాథ దేశ్‌ముఖ్ గారు రిజర్వు బ్యాంకునకు మొదటి భారతీయ గవర్నరు, తరువాత కేంద్ర ఆర్థికమంత్రి. ఆయన తన ఆత్మకథకు ఆంగ్లమున "ది కోర్స్ ఆఫ్ మై లైఫ్" అని పేరు పెట్టిరి. నా జీవితగతి యని దాని తాత్పర్యము. ఆయన 1953లో వివాహమాడిన దుర్గాబాయమ్మగారు మన రాజమహేంద్రవరపు ఆడపడుచు. ఉప్పుసత్యాగ్రహములో చెరసాలకు వెళ్లినది, మద్రాసులో ఆంధ్రమహిళాసభను స్థాపించినది, రాజ్యాంగసభలో సభ్యురాలై చట్టపు సవరణలపై ఎడతెగక వాదించినది, ప్రణాళికాసంఘమున పనిచేసినది, కేంద్ర సాంఘిక సంక్షేమమండలికి మొదటి అధ్యక్షురాలు. పదునాలుగేండ్ల పిల్లగా 1923 కాకినాడ కాంగ్రెసు సందర్భమున ఖద్దరు ప్రదర్శన ద్వారముకడ టిక్కెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూనే ఆపినది. ఇట్టి స్త్రీ తన ఆత్మకథకు 1980లో పెట్టిన పేరు "చింతామన్ అండ్ ఐ". చింతామన్ ముందు, తాను వెనుక. ఆ దంపతుల యన్యోన్యత గొప్పది, ఆ శీర్షికలో ప్రేమ కలదు, దానిని నేను తక్కువచేయను. కాని భార్యకొక ఆంధ్రమహిళాసభ యున్నదని తెలిసియు దేశ్‌ముఖ్ గారికి "దుర్గయు నేనును" అను శీర్షిక తోచలేదు. తోచనందుకు ఆయనను ఎవ్వరును వింతగా చూడలేదు.

పాశ్చాత్య దేశములలో ఈ విషయమును కొలిచి చూచినవారు కలరు. క్రిస్టీన్ ఎక్స్‌లీ, జడ్ కెస్లర్ అను ఆర్థికశాస్త్రజ్ఞులు 2022లో ప్రకటించిన పరిశోధనలో, పనివారికి గణిత విజ్ఞాన విషయములలో ఇరువది ప్రశ్నల పరీక్ష పెట్టి, నేను చక్కగా చేసితిని అను వాక్యముతో నూటికి ఎంత యేకీభవింతురో చెప్పుమనిరి. సమానముగా చేసినవారిలోనే పురుషుల సగటు 61, స్త్రీల సగటు 46. వచ్చిన మార్కులు ఇవి యని ముందే చెప్పి అడిగినను వ్యత్యాసము పోలేదు. చెప్పుకొన్నందున ఏ లాభమును లేదన్నను పోలేదు. ఆరవ తరగతి పిల్లలలోనే ఇది మొలకెత్తియున్నదని వారు కనుగొనిరి. వైద్యపరిశోధకులను గూర్చి బ్రిటిషు వైద్యపత్రిక 2019లో ప్రకటించిన మరియొక లెక్క యున్నది: లక్షకు పైబడిన వ్యాసములను పరిశీలింపగా, మొదటి రచయితయు తుది రచయితయు స్త్రీలే యైన వ్యాసములలో, అపూర్వము, అద్వితీయము వంటి విశేషణములు వాడబడు సంభావ్యత 12.3 శాతము తక్కువ. అట్టి విశేషణములున్న వ్యాసములనే ఇతరులు ఎక్కువగా ఉదాహరించుచున్నారు. పోనిండు, స్త్రీలు కూడ ఆ విశేషణములను తగిలించిన సరిపోవునుగదా యందురేమో. లోరీ రడ్మన్ అను మనస్తత్త్వవేత్త 1998లోనే దానికి బదులు చెప్పినది: తన సామర్థ్యమును నిస్సంకోచముగా చెప్పుకొన్న స్త్రీని జనులు సమర్థురాలని యొప్పుకొందురు, కాని ఇష్టపడరు. ఇష్టపడనివారిలో స్త్రీలును కలరు. మన ఊరి భాషలో చెప్పిన, "దానికి నోరెక్కువ" అని.

హోసూరునకు ఈ సంగతి పుస్తకాల సంగతి మాత్రమే కాదు. సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చిన నాటి నుండి, టైటాన్ గడియారముల కర్మాగారము 1980ల నడిమి కాలమున వచ్చిన నాటి నుండి, చుట్టుప్రక్కల పల్లెల పిల్లలు, వారిలో ఆడుపిల్లలును, కండ్లకు భూతద్దము తగిలించుకొని సూక్ష్మమైన పనులలో నేర్పరులైనారు. ఇటీవల ఎలక్ట్రానిక్సు కర్మాగారములు వచ్చి అట్టివారి సంఖ్య ఎంతో పెరిగినది. ఇట్టి చోట్ల ఏడాదికొకమారు, ఈ యేడు నేనేమి సాధించితిని అని ఎవరికి వారు ఒక పత్రమున వ్రాసి ఇయ్యవలెను. జీతపు పెంపుదల దానిపై నాధారపడును. ఆ పత్రములను చదువు అధికారి యొకరు నాతో చెప్పిరి, అబ్బాయిలు పంక్తి చాలక వెనుకవైపున వ్రాయుదురట, అమ్మాయిలు "మా లైనులో అందరం బాగా చేసినాము" అని వ్రాసి సంతకము పెట్టుదురట. ఆ పత్రమును కల్పించినవారు అది అందరికిని సమానమని తలచియుందురు. ఆత్మస్తుతి చేయుము అని ఆజ్ఞాపించు కాగితము, జన్మమంతయు అది చేయకుమని వినిన చేతికి అందినప్పుడు, సమానత్వము ఏపాటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక మా జిల్లాకే చెందిన ఒక ప్రయోగమును చెప్పి ముగించెదను. కృష్ణగిరి 2004లో వేరు జిల్లా యగుటకు ముందు ధర్మపురిలో భాగము. ఆ ధర్మపురి జిల్లాలోనే 1989లో, అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సహాయముతో, తమిళనాడు ప్రభుత్వము మహిళాభివృద్ధి పథకమును ప్రారంభించినది. అరవ దేశమంతట నేడు వ్యాపించిన స్వయంసహాయక సంఘములకు అది నాంది. పన్నెండు మొదలు ఇరువదిమంది దాక ఆడువారు ఒక సంగమైరి. పొదుపు కట్టిరి, అప్పు తీసికొనిరి, చిట్టాపుస్తకము పెట్టిరి. అప్పు తీసికొన్న ప్రతి యామెయు కూటమిలో లేచి నిలిచి, ఎంత తీసికొంటిని, ఏమి కొంటిని, ఎంత వచ్చినది, ఎంత కట్టితిని అని అందరి యెదుట చెప్పవలెను. ఇందు కవిత్వము లేదు, విశేషణము లేదు, లెక్క మాత్రమే కలదు. కాని లెక్క చెప్పుటలో "నేను" అను మాట తప్పించుకొనుటకు వీలులేదు. విచిత్రమేమనగా, దీనిని గొప్పలు చెప్పుకొనుట యని ఏ అత్తయు, ఏ మగడును ఆక్షేపింపలేదు. లెక్క అప్పగించుట ఆత్మస్తుతి జాబితాలోనికి రాదు కాబోలు.

వేపనపల్లి దారిలో ఒక ఊరి సంగములో అట్టి కూటమికి నన్ను పిలిచిరి. ఒకామె లేచి, "ఆవును కొంటిని, పూటకు నాలుగు లీటర్లు పోస్తా ఉండాను, పదునెనిమిది కంతులు కట్టితిని, ఇంగా రెండుండాయి, ఆడపిల్ల ఫీజు గూడా దాంట్లోనే కట్టితిని" అని గడగడ చెప్పి కూర్చున్నది; తక్కినవారు తలలూపిరి, కార్యదర్శి వ్రాసికొన్నది. కూటమి ముగిసిన పిమ్మట వాకిట చెప్పులు తొడుగుకొనుచుండగా, ఆయమ్మతో మంచి పని చేసితివి తల్లీ యంటిని. ఆమె ముసిముసిగా నవ్వి, "నాదేముందన్నా, అంతా సంగం చేసింది" అనెను. వెనుకనుండి కార్యదర్శి, చిట్టాను చంకను పెట్టుకొని వచ్చుచు, "సంగం పొద్దున్నే లేచి పాలు పిండిందా అక్కా?" అని అడిగినది.